తీగలు తిరగేసిన తమ్ముడు

"చెయ్యి లోపల పెట్టుకో తమ్మీ, పక్క బస్సు రాసుకపోతది."

"ఏ చెయ్యక్కా?"

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. జగిత్యాల బస్టాండులో సిరిసిల్ల బస్సు కదులుతోంది. కిటికీలోంచి బయటపెట్టి ఊపుతున్నది ఒక్కటే చెయ్యి, అది ఎడమది. అయినా అడిగాడు. అడిగి, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. నేను కింద నిలబడి తిట్టాను. ఆ తిట్టు బస్సు చప్పుడులో కలిసిపోయింది, ఆయనకు వినిపించి ఉండదు.

మొన్న సిరిసిల్ల నుంచి తమ్ముడి సొంత అన్న కొడుకు ఫోన్ చేశాడు. "అత్తా, కాక పొద్దుగాల చాయ్ తాక్కుంట తాక్కుంటనే ఒరిగిండు" అని చావు కబురు చెప్పాడు. ఆర్కెస్ట్రాలో ఆయనతో కలిసి వాయించినవాళ్లు పెద్దకర్మ నాటికి చిన్న పుస్తకం వేస్తున్నారట. నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. అట్ట మీద వేసే ఫొటో నా బిడ్డ ఫోనుకు పంపారు. చూశాను. కోరుట్ల చౌరస్తాలో వేదిక మీద గిటార్ పట్టుకుని నిలబడ్డాడు. తీగలు మీటుతున్నది ఎడమ చెయ్యి. కింద "పుర్రచేతి వాటం కళాకారుడు" అని రాశారని బిడ్డ చదివి చెప్పింది.

ఫొటో అబద్ధం కాదు. కానీ ఆ మనిషి బతుకంతా కుడి చేత్తోనే మీటాడు. పుట్టింది పుర్రచెయ్యితో, నేర్చుకున్నది కుడి చేత్తో. పదిమంది ముందు ఎడమతో వాయించింది ఆ ఒక్కరోజే. ఆ ఒక్కరోజు ఎందుకు వచ్చిందో చెప్పకుండా ఫొటో ఒక్కటే వేస్తే మనిషి తలకిందులవుతాడు. అందుకని కూర్చున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. నా మాటను పుస్తకాల మాటగా దిద్దుకుంటోంది. దిద్దుకోనీ. జరిగినదాన్ని మాత్రం దిద్దొద్దన్నాను.

నా భర్త మస్కట్‌లో పోయాక కోరుట్లలో మా ఇంటి ముందరి గదిని కిరాయికి ఇచ్చాను. ఒక చేతిలో రేకు పెట్టె, భుజాన గిటార్‌తో వచ్చాడు. గడప తొక్కకముందే "అక్కా" అన్నాడు. గల్లీలో ఆడవాళ్లు ఊరుకుంటారా. నల్లా దగ్గర, "మొగడు లేనిదానికి పెండ్లాం లేనోడు కిరాయిదారు, మంచిగ కుదిరింది" అని నవ్వారు. అది ఆయన చెవిన పడింది. తెల్లవారి నా బిందెలు రెండూ తీసుకుని పోయి ఆ వరసలోనే నిలబడ్డాడు. "జర జరుగుండ్రమ్మా, మా అక్కకు నీళ్లు పట్టాలె. అక్కంటె ఎట్లుంటదో మీకు తెల్వదా, లేటైతె తంతది" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. అన్నా నాకు వినబడేలా అనలేదు.

మొదటి రోజు చాయ్ ఇచ్చినప్పుడు చూశాను. ముందు ఎడమ చెయ్యి వచ్చింది. సగం దూరం వచ్చి, వేడి పెనం తగిలినట్టు వెనక్కి పోయింది. అప్పుడు కుడి చెయ్యి వచ్చి కప్పు అందుకుంది. ఆయన్ను తలుచుకుంటే ముఖం కంటే ముందు నాకు ఇదే గుర్తొస్తుంది. గుడిలో తీర్థం దగ్గర, దుకాణంలో చిల్లర దగ్గర, పెళ్లిలో పళ్లెం దగ్గర, ఎక్కడైనా ఇంతే. ఒక చెయ్యి బయల్దేరుతుంది. దాన్ని లోపలే గదమాయించి రెండోదాన్ని పంపుతాడు.

ఆలోచించే తీరిక లేనప్పుడు మాత్రం ఎడమ చెయ్యి గెలిచేది. అల్మారా మీంచి పడుతున్న గ్లాసును పట్టుకున్నది అదే. ఈగను కొట్టింది అదే. ఒక వినాయకుడి మంటపం దగ్గర తాగినవాడొకడు పాడే పిల్ల చున్నీ పట్టి లాగితే చెంప పగలగొట్టిందీ అదే. వాడు స్టేషన్‌కు పోయి ఫిర్యాదు చేశాడు. వాడి కుడి చెంప వాచి ఉండటం చూసి పోలీసాయన, "ఏమయ్యా, నువ్వు పుర్రచెయ్యోనివా?" అని అడిగాడట.

"కొట్టేటప్పుడే సార్. మిగిలిన టైంల కాదు."

పోలీసాయన నవ్వాపుకోలేక వదిలేశాడని ఆయనే వచ్చి చెప్పాడు. చెబుతూ ఆ చేతిని ముందుకు చాపి దానికేసి చూసుకున్నాడు, అల్లరి పిల్లను చూసినట్టు.

సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడులో పుట్టినవాడు. జగిత్యాలలో చదువుకునేటప్పుడు చర్చిలో పాటలు నేర్పే ఒక పెద్దాయన దగ్గర గిటార్ చూసి వెంటపడ్డాడట. మొదటిసారి చేతికిస్తే తన వాటంగా ఎడమకు పట్టుకున్నాడు. పెద్దాయన మెల్లగా చేతుల్లోంచి తీసుకుని, తిప్పి మళ్లీ ఇచ్చాడు. "ఉన్నదొక్కటే గిటార్ బిడ్డా. నీకోసం తీగలు మారుస్తె మిగిలిన పోరగాండ్లు ఏం గావాలె?" అన్నాడట. ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం ఉండేది కాదు. "తిప్పి నేర్చుకుంటుంటె నొప్పి ఏళ్లల్ల లేదక్కా. గీడ" అని చెవి వెనక చూపించేవాడు.

"ఏ చెయ్యి ఏం చేస్తది?" అని ఒకసారి అడిగాను. ఇద్దరం చాటల ముందు కూర్చున్నాం, నేను బీడీలు చుడుతున్నాను.

"కుడిది మీటుతది, ఎడమది ఒత్తుతది. మీటేది మాట్లాడుడు అనుకో, ఒత్తేది ఏం మాట్లాడాల్నో చెప్పుడు. నా ఎడమ చెయ్యికి ముచ్చట్లెక్కువ. అయినా నోరు మూసుకుని ఒత్తుతది పాపం."

"మరి దానికి కోపం రాదా?"

"అస్తది. అందుకే గప్పుడప్పుడు ఎవన్నన్న కొడ్తది."

అయినా తను నేర్చుకున్న తీరంటే ఆయనకు గర్వమే. పెళ్లిళ్లలో తీగ తెగితే పక్కవాడి గిటార్ అందుకుని ఆగకుండా వాయించేవాడు. "పుర్రచెయ్యితోని నేర్చుకుంటె నా గిటార్ నేనే మోసుకుంట తిరగాలె అక్కా. గిప్పుడు ఏ ఊళ్లె ఏ గిటార్ దొరికినా నాదే" అని గుండె మీద కొట్టుకునేవాడు. ఏ చేత్తోనో చెప్పనక్కర్లేదు.

నాకు పని ఎక్కువైన రోజు సాయం చేస్తానని కూర్చునేవాడు. కత్తెర కుడిచేతి వాళ్లకు చేసింది. ఆయన ఎడమతో పట్టి తునికాకు కత్తిరిస్తే అంచులు ఎలుకలు కొరికినట్టు వచ్చేవి. "నువ్వు లేసి పో తమ్మీ, సాయం చేసింది చాలు" అనేదాన్ని. ఆయన పోయేవాడు. కానీ అదే పని చేసే ఇంకొకరు ఇంట్లో ఉన్నారు, పొమ్మంటే పోనివాళ్లు. నా బిడ్డ. దానిదీ పుర్రచెయ్యే.

బడి నుంచి వచ్చాక నాతోపాటు బీడీలు చుట్టేది. ఎడమతో చుడితే ఆకు ఎదురు తిరుగుతుంది. కట్టలో పెట్టినప్పుడు అందరి బీడీలూ ఒకవైపు చుట్టుకుని ఉంటే అవి రెండోవైపు చుట్టుకుని కనిపించేవి. కార్ఖానాలో బీడీలు ఏరి తీసుకునేవాడు వాటిని వేలితో పక్కకు తోసి, "గివి ఎవలు చుట్టిండ్రు? అద్దంల చూసి చుట్టినట్టున్నయ్" అనేవాడు. అవి పోయినట్టే. అందుకని బిడ్డ ఎడమ మణికట్టుకు గుడ్డపేలిక కట్టాను. అది కనబడితే కుడి చెయ్యి వాడాలని గుర్తుంటుందని. అందరు తల్లులూ చేసేదే. ఆ పేలికను తమ్ముడు చాలాసార్లు చూశాడు. ఏమీ అనలేదు. తనకు అట్లాగే అయ్యింది, తాను బాగానే ఉన్నాడు.

అంతలో తెలంగాణ కోసం జనమంతా పనులు ఆపేసిన రోజులు వచ్చాయి. బస్సులు లేవు, బడులు లేవు. పెళ్లిళ్లవాళ్లు కూడా ఆర్కెస్ట్రా వద్దన్నారు. చౌరస్తాలో దీక్షల టెంట్ వేశారు. తమ్ముడు గిటార్ తీసుకుని పోతే, ఊరేగింపుల్లో ముందుండే కుర్రవాడొకడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నా, నీ పాట మంచిగుంటది గని గిటార్ సినిమావోళ్లది. మనది డప్పు. ఏమనుకోకు."

"ఏమనుకుంట తమ్మీ" అని వెనక్కి వచ్చాడు. ఇంటికొచ్చి గిటార్ సంచీలోంచి తీయకుండా గోడకు ఆనించాడు.

ఇద్దరికీ పని లేదు, ఆయనకూ నా బిడ్డకూ. "మామా, నాకు నేర్పు" అని అది పట్టుబట్టింది. ఆయన నేర్పడం మొదలుపెట్టాడు, కుడి చేతికి. తనకు నేర్పినట్టే గిటార్ తిప్పి దాని ఒడిలో పెట్టాడు. నాకూ అదే కావాలి. పిల్ల గిటార్‌తోనన్నా దారికొస్తుందనుకున్నాను. రోజూ పొద్దున దాని కుడి చెయ్యి చెక్క మీద మొద్దులా పడి ఉండేది. రోజూ ఏడ్చేది. "ఎక్కడ నొస్తుంది?" అని ఆయన అడిగితే అది వేళ్లు చూపలేదు. చెవి వెనక చూపింది. ఆ సంగతి ఆయన దానికెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు ఆయన అన్నం సరిగా తినలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన టెంట్ దాకా పోయి వచ్చేసరికి గదిలోంచి బతుకమ్మ పాట వినిపిస్తోంది. గిటార్ మీద, ఒక్కొక్క తీగ మీద, తడుముకుంటూ. బిడ్డ గిటార్‌ను ఎడమకు పట్టుకుంది. తీగలు కిందివి పైకి, పైవి కిందికి అయ్యాయి. అయినా పాటను వెతికి పట్టుకుంది. మణికట్టు పేలిక తీసి పక్కన పెట్టింది. తమ్ముడు గుమ్మంలో చెప్పులు విడవకుండా నిలబడిపోయాడు. నేను ఆయన వెనక నిలబడ్డాను.

"గట్ల కాదు బిడ్డా" అన్నాడు చివరికి. "గట్ల నేర్చుకుంటె లోకంల ఏ గిటార్ నీకు పనికిరాదు."

"లోకంల గిటార్లన్ని నాకెందుకు మామా? నాకు ఒక్కటి చాలు."

అది ఎదురు చెప్పలేదు, మామూలుగా అన్నది. తమ్ముడు నాకేసి తిరిగాడు. నేను ఏదన్నా అంటానని చూశాడేమో. నేను పొయ్యి దగ్గరికి పోయాను.

మర్నాడు రోడ్డు మీద వంటావార్పు. ఊరంతా పొయ్యిలు తెచ్చి రోడ్డు మీదే వండి, అక్కడే తినడం. జగిత్యాల నుంచి డప్పుల బృందం వస్తుందన్నారు, కాబట్టి తమ్ముడికి పని లేదు. ముందురోజు సాయంత్రమే ఆయన గిటార్ తీగలన్నీ విప్పి చాప మీద పరిచాడు. గిటార్ మెడ చివర తీగలు కూర్చునే చిన్న తెల్ల పట్టీ ఉంటుంది. దానికి గాట్లు ఉంటాయి, లావు తీగకు లావుగా, సన్న తీగకు సన్నగా. సన్న గాట్లను రంపపు బ్లేడు ముక్కతో రాకి వెడల్పు చేశాడు. లావు గాట్లలో సన్న తీగలు కదలకుండా నా చాటలోంచి తునికాకు ముక్క తీసుకుని, మడిచి అడుగున పెట్టాడు.

"ఏం జేస్తున్నవ్ తమ్మీ?"

"తీగలు తిరగేస్తున్న."

"మల్ల నీకెట్ల?"

"నాకు లోకంల గిటార్లన్ని ఉన్నయ్ అక్కా" అన్నాడు, తల ఎత్తకుండా. "రాకిన గాటు మల్ల సన్నగ గాదు. అందుకె జర సూసి రాకాలె, మాట్లాడియ్యకు."

తెల్లవారి రోడ్డు మీద నా పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. రోడ్డంతా పొగ, జనం. డప్పులవాళ్లు రాలేదు. ఎందుకు రాలేదంటే, మనవాళ్లే దారిలో చెట్లు నరికి అడ్డం వేసి రాస్తారోకో చేస్తున్నారు, ఎవరి బండినీ వదలడం లేదు. "మేం గూడ తెలంగాణోళ్లమే" అని డప్పులవాళ్లు చెప్పినా, "ఎవలైన సరే, బండి కదలది" అన్నారట. మన బందులో మనవాళ్లే ఇరుక్కున్నారు. ఆ కుర్రవాడు చెమటలు కక్కుతూ తమ్ముడి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, గిటార్ తేవే! జనం లేసిపోతున్నరు!"

"గిటార్ సినిమావోళ్లది గదా తమ్మీ."

"అన్నా, నీ కాళ్లు మొక్కుత, గిప్పుడు గాదు గదంత!"

తమ్ముడు ఇంటికి పోయి తెచ్చాడు. అప్పటికి అది ఆయన గిటార్ కాదు, నా బిడ్డ గిటార్. వేదిక ఎక్కి, గిటార్ బెల్టు భుజం మార్చి, ఎడమకు వేసుకున్నాడు. అలా నిలబడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ ఫొటో అప్పుడు తీసిందే. ఫొటోలో చప్పుడు రాదు కదా. ఆయన వాయించిన మొదటి మాట చెడిపోయింది. రెండోది ఇంకా చెడిపోయింది. ఇన్నేళ్లు మీటడమే తప్ప ఒత్తడం తెలియని కుడి చేతి వేళ్లు తీగల మీద దారి తప్పిన మేకల్లా తిరిగాయి. కింద నవ్వులు మొదలయ్యాయి. "అన్న పొద్దుగాలనే ఏసిండా ఏంది?" అని ఎవరో అరిచారు. నా బిడ్డ నా కొంగు పట్టుకుని, "అమ్మా, నా కోసమే" అంది. దాని ముఖం తెల్లబోయింది.

తమ్ముడు ఆగాడు. దిగిపోతాడనుకున్నాను. దిగలేదు. తీగలు బిగించే గిటార్ చెవులు తిప్పడం మొదలుపెట్టాడు, తొందర లేకుండా, ఒక్కో తీగను మీటి వింటూ. అన్నిటినీ ఒకదానితో ఒకటి కలిసే శ్రుతికి తెచ్చాడు, తంబూరలాగా. ఇక ఒత్తే పని లేదు. కుడి చేతిని తీసేసి పక్కకు వేలాడేశాడు. ఎడమ చేత్తో మీటాడు. మీటుడంతా ఒకటే, దరువు మాత్రం బతుకమ్మ దరువు. ఆ చెయ్యి ఇన్నేళ్లు మూసుకున్న నోరు తెరిచింది. అంత సూటిగా, అంత బలంగా ఆయన ఎప్పుడూ మీటగా నేను వినలేదు.

మొగుడు పోయినదాన్ని కాబట్టి బతుకమ్మ దగ్గర నేను వెనకే నిలబడేదాన్ని. తంబాకు దుమ్ముకు నా గొంతు ఎప్పుడో గరగరగా మారిపోయింది. అయినా ఆ రోజు అన్నం కలిపే గరిటె చేతిలో పట్టుకునే పాట ఎత్తుకున్నాను. నేను ఎత్తుకోకపోతే ఆయన అక్కడ ఒంటరి. పక్క పొయ్యి ఆమె చప్పట్లు కలిపింది. తర్వాత ఆడవాళ్లంతా పొయ్యిలు వదిలేసి రోడ్డు మీద గుండ్రంగా తిరిగారు. నా అన్నం అడుగంటింది. అందరూ అదే తిన్నారు.

ఆ సాయంత్రం గిటార్ తెచ్చి బిడ్డ పడుకునే గోడకు మేకు కొట్టి తగిలించాడు. "నీకు కుడి రాదు, నాకు ఎడమ రాదు. ఎదురెదురుగ కూసుందాం బిడ్డా, అద్దంల చూసుకున్నట్టు. నా చేతులు ఎట్ల పోతె నీ చేతులు గట్ల పోతయ్" అన్నాడు. అట్లాగే నేర్పాడు, ఎవరి దగ్గరో తెచ్చిన గిటార్ తన ఒడిలో పెట్టుకుని. మణికట్టు పేలిక నేనే పొయ్యిలో వేశాను. ఎదురు తిరిగిన బీడీలు పోతే పోయాయి, దాన్ని చుట్టొద్దన్నాను.

తెలంగాణ వచ్చింది. దాంతోపాటు పెళ్లిళ్లకు డీజేలు వచ్చాయి. ఆర్కెస్ట్రా లేచిపోయింది. గిటార్ ఉన్నవాళ్లు అమ్ముకున్నారు. లోకంలో గిటార్లన్నీ తనవే అన్న మనిషికి అడిగి తీసుకోవడానికి ఒక్కటి లేకుండా పోయింది. సిరిసిల్ల పోయి నూలు చుట్టే పనిలో చేరాడు. ఇంకొకటి కొనుక్కోలేదు. ఎందుకని అడిగితే మాట మార్చేవాడు.

బిడ్డకు జగిత్యాలలో నౌకరీ వచ్చాక మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. అదే ఆఖరిసారి. బిడ్డ గిటార్ తీసి ఆయన ముందు పెట్టింది. "మామా, గాట్ల పట్టీ కొత్తది ఏయిస్త. తీగలు మల్ల తిప్పించుకో. తీస్కపో" అంది. ఆయన ఒడిలోకి తీసుకున్నాడు. తన పాత వాటంగానే, కుడికి. ఎడమ చేతి వేళ్లు అలవాటు చొప్పున ఒత్తాయి. తీగలు తిరగబడి ఉన్నాయి కాబట్టి రావలసిన పాట రాలేదు. ఆయన ఆ వేళ్లకేసి కాసేపు చూశాడు. ఆశ పడ్డాడు, నేను చూశాను. ఆశ పడనట్టు నటించలేదు కూడా. తర్వాత గిటార్ తిప్పి బిడ్డ చేతికి ఇచ్చేసి, "వాయించు, వింట" అన్నాడు. అది వాయిస్తుంటే కళ్లు మూసుకుని విన్నాడు. ఎడమ చెయ్యి మోకాలి మీద దరువు వేస్తూనే ఉంది.

బిడ్డా, గిక్కడ పెన్ను ఎందుకు ఆపినవ్? నాకు చదువు రాదు గని పెన్ను నడిచే చప్పుడు తెలుసు. గాటు రాకిన కాడ గూడ ఇట్లనే ఆపినవ్. మామ నీకోసమే తీగలు తిరగేసిండని రాసినవా, ఉత్తగ 'తిరగేసిండు' అని రాసి ఊకున్నవా? సిగ్గుపడకు. గాయిన గిటార్ పోగొట్టుకున్నడా, నీకు ఇచ్చిండా, అది చదివేటోళ్లకు ఎట్ల తెల్వాలె? నువ్వు గది రాయకుంట ఎత్తగొడ్తె ఆ ఫొటో కింద రాసిందే నిజమైతది. ఏడ్వకు, అచ్చరాల మీద చెయ్యి పెట్టకు, సిరా అలుక్కుంటది. ఏదీ, కాయితాలు ఇటు తిప్పు. మొదటి సంది చదువు, నేను వింట.